బొల్లారం బంగళాలో మూసేసిన ఫైర్‌ప్లేస్‌ను తెరిపించాం: చాలా చలికాలాల వాడకం తర్వాత సమీక్ష

హైదరాబాదు వాతావరణానికి ఫైర్‌ప్లేస్ ఎందుకని అడిగేవారిని తప్పుపట్టలేం. అయితే 1806లో సికింద్రాబాదు ఏర్పడ్డాక బొల్లారం, తిరుమలగిరి వైపు తెల్లదొరల కాపురాలకు కట్టిన బంగళాల్లో కొన్నింటికి ముందుగదిలో పొయ్యిగూడు, కప్పు మీద పొగగొట్టం ఇప్పటికీ కనిపిస్తాయి. మేముంటున్న ఇల్లు అలాంటిదే. మాకంటే ముందున్నవారు ఆ గూటిని ఇటుకలతో మూయించి, పైన సిమెంటు పూత వేయించి, దాని ముందు బీరువా పెట్టుకున్నారు. దాన్ని తిరిగి తెరిపించి, పాత ఆకారానికి తెప్పించి, చాలా చలికాలాలు వాడిన మీదట నాకు తేలినదేమంటే, వెచ్చదనం ఒక్కటే కావాలనుకునేవారికి ఇది దండగ ఖర్చు, పాత గోడను కాపాడుకోవాలనుకునేవారికి మాత్రం తప్పనిసరి పని.

గోడ సంగతే ముందు చెబుతాను. గూడు మూసినా పైన గొట్టం తెరిచే ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దానిలో పడిన వాన లోపలి మసిని నానబెట్టేది. కింద గాలి ఆడే దారి లేదు, బయట సిమెంటు పూత చెమ్మను పోనిచ్చేది కాదు. ఫలితంగా గోడ మీద గోధుమరంగు మరకలు, ఉప్పు పొంగు. ఎన్నిసార్లు రంగు వేయించినా మరుసటి వానాకాలానికి మరక మళ్లీ తేలేది. గూడు తెరిపించి, సిమెంటు పూతను పూర్తిగా చెక్కించి, గొట్టం మీద జాలీతో కూడిన స్టీలు టోపీ పెట్టించాక ఆ మరకలు మళ్లీ రాలేదు. జాలీ లేని టోపీ కొనవద్దు. మా గొట్టం నుంచి దింపిన పావురాల గూళ్లు, పుల్లలు బస్తాలకెత్తవలసి వచ్చింది.

దర్జులకూ (ఇటుకల మధ్య సందులు) పూతకూ గానుగ సున్నమే వాడించాం. సున్నం, ఇసుక, సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి, కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి రుబ్బించే పాత పద్ధతి అది. సిమెంటు పాత ఇటుక కంటే గట్టిగా బిగుసుకుంటుంది కనుక గోడ ఏమాత్రం కదిలినా దర్జుకు బదులు ఇటుకే పగులుతుంది. సున్నం ఆ కదలికను తాను భరిస్తుంది, చెమ్మనూ బయటికి వదులుతుంది. కానీ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. తడి గోనెపట్టాలు కప్పి వారాల తరబడి కాచుకోవాలి, ఆ తర్వాత కూడా మొదట చితుకులతో చిన్న మంటలే వేయాలి. ఇంత ఓపిక మన మేస్త్రీల్లో చాలామందికి ఉండదు. గొట్టం లోపలి పూతకు పూర్వం ఇంగ్లండులో కూడా సున్నంలో ఆవుపేడ కలిపేవారని చెప్పాక గానీ మా మేస్త్రీకి ఈ పని మీద గౌరవం కలగలేదు.

మంట తగిలే చోట రాయి విషయంలో గట్టిగా ఉండండి. మన ఊళ్లో గ్రానైటుకు కొదవ లేదు కాబట్టి అందరూ దాన్నే పెట్టమంటారు. గ్రానైటులోని క్వార్ట్జ్ అనే ఖనిజం 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది, రాతి పైపొర పెచ్చులుగా లేస్తుంది. గూటి లోపల మంటను తట్టుకునే ఇటుకలను (ఫైర్‌బ్రిక్స్), అలాంటి మట్టితోనే (ఫైర్‌క్లే) సన్నని దర్జులు పెట్టి కట్టించాం. అవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గూటి ముందు నేలకు తాండూరు నాపరాయి సరిపోయింది, మంట దానికి నేరుగా తగలదు కనుక.

ఎక్కువ తలనొప్పి పెట్టింది పొగ. గొట్టం లోపలి వైశాల్యం గూటి నోటి వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలన్నది పాత లెక్క. మా గూటి నోరు 42 అంగుళాల వెడల్పు, 33 అంగుళాల ఎత్తు. గొట్టం 14 అంగుళాలకు 9. అంటే పదకొండో వంతు. అందుకే పొగ గదిలోకి తిరగబడేది. నోటి పైభాగాన 6 అంగుళాల ఇనుప రేకు బిగించడంతో అది తొమ్మిదో వంతయింది, పొగ దారిలో పడింది. చూడటానికి ఆ రేకు ఏమంత బాగుండదు. అయినా వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే మాత్రం పొగ ఇప్పటికీ వెనక్కి లాగుతుంది. మంట ఉన్నంతసేపూ ఆ ఫ్యాను ఆపి, ఒక కిటికీ రెక్క తీసి ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కాబట్టి అలారం కూడా పెట్టించాం.

వెచ్చదనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తెరిచిన గూటిలో వేడి చాలా మటుకు గొట్టం గుండానే పోతుంది, గదిలోని గాలినీ వెంట తీసుకుపోతుంది. మంటకు ఎదురుగా కూర్చున్నవారికి హాయిగా ఉంటుంది, గది మూలన ఉన్నవారికి శాలువా తప్పదు. పైగా మనకు దీని అవసరం డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే. బాగా ఎండిన తుమ్మ, సరుగుడు చక్కగా మండుతాయి. పచ్చి కట్టె వేస్తే గొట్టం లోపల తారులాంటి మసి పేరుకుని, ఏదో ఒకనాడు అదే అంటుకునే ప్రమాదం ఉంది.

ఏటా దీపావళి దాటాక గొట్టం దులిపిస్తాం. ఈ పని తెలిసినవారు నగరంలో సులువుగా దొరకరు. పొడవాటి వెదురు గడకు గట్టి బ్రష్షు కట్టి మా ఇంటి పనులు చేసే కూలీ చేతే చేయిస్తున్నాం. వానాకాలపు ముసురు రోజుల్లో గూటి నుంచి తడి మసి వాసన కొద్దిగా వస్తూనే ఉంటుంది, దానికి మాత్రం ఇంతవరకు మందు దొరకలేదు.