వడ్డీ అప్పు తీర్చడానికి బ్యాంకు బంగారం లోను: పనికొస్తుందా?

నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 20,000 మీద నెలకు 600 పోతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. అదే మొత్తం బ్యాంకులో బంగారం మీద, ఏడాదికి 9 శాతం చొప్పున అనుకుంటే, వడ్డీ నెలకు 150. పాత 600 మానకుండా బ్యాంకుకే కడుతూ పోతే ఏడాది తిరిగేసరికి అసలు 14,400 దగ్గరికి దిగుతుంది. ఈ లోనులో నిజంగా మెచ్చుకోవలసింది ఇదొక్కటే.

ఆధార్, పాన్, పాస్‌బుక్ చాలు. తూకం దగ్గర కాస్త కళ్లు తెరిచి ఉండాలి. రాళ్లు, లక్క, నల్లపూసల బరువు తీసేసి నికర బరువుకే లోను లెక్కిస్తారు. రసీదులో మొత్తం బరువు, నికర బరువు, క్యారెట్ మూడూ ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. అప్రైజర్ (బంగారం పరీక్షించి విలువ కట్టే వ్యక్తి) ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు కూడా ముందే అడగండి; 5,000 లోపు అప్పుకైతే ఆ ఖర్చే దండగ.

చాలామంది దెబ్బతినేది ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో. నెలనెలా ఎవరూ అడగరు కాబట్టి చేతిలో డబ్బు నిలవదు, గడువుకు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. అదీ కట్టలేకపోతే నోటీసు, ఆపైన వేలం. జీతం పడిన రోజే ఖాతా నుంచి 600 లోనుకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వండి.

రిజర్వ్ బ్యాంకు 2025 జూన్ నిబంధనల ప్రకారం బాకీ తీరాక 7 పనిదినాల్లోపు నగ ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 మీకు చెల్లించాలి.