బోచా బంతులు, ర్యాంపు: ఎనిమిది నెలలు వాడాక

మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ. వాడు ఆడేది బోచా: రంగు బంతులను తెల్ల బంతికి వీలైనంత దగ్గరగా చేర్చే ఆట. చేత్తో బంతి విసరలేడు, తలకు కట్టిన కడ్డీతో ర్యాంపు, అంటే బంతి దొర్లే వాలు గాడి, మీద నుంచి వదులుతాడు. ఈ సెట్టు కొన్నది వాడి కోసమే: ఎరుపువి 6, నీలంవి 6, గురిగా ఉంచే తెల్లది 1.

బంతులకు పూర్తి మార్కులు. తోలు మెత్తన, ఒక్క కుట్టూ ఊడలేదు. నియమం ప్రకారం బంతి 275 గ్రాములుండాలి, 12 గ్రాముల వరకు తేడా ఉండవచ్చు. అన్నీ తూచి చూశాను, సరిపోయాయి.

నాకు కోపం తెప్పించింది ర్యాంపే. రెండు ముక్కలు కలిసే చోట గోరు తగులుకునేంత మెట్టు ఉంది. బంతి అక్కడ టక్కుమని ఎగిరి ఎడమకు తిరిగేది. ఈ ఆటలో సహాయకురాలినైన నేను కోర్టుకు వీపు పెట్టి కూర్చోవాలి, తిరిగి చూడకూడదు. ర్యాంపు ఎంత ఎత్తు, ఏ వైపు అన్నది వాడే కళ్ళతో చెబుతాడు. అంత ఓపికగా లెక్క వేసుకున్న గురి ఒక అతుకు వల్ల తప్పితే కడుపు మండదా? ఫిర్యాదు చేశాను. మూడు వారాలకు కొత్త ముక్క వచ్చింది, చక్కగా కూర్చుంది.

కొనేవారు ముందుగా ఆ అతుకు మీద వేలు పెట్టి చూడండి. కోర్టు 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. చదునైన హాలులో టేపుతో గీసుకోవచ్చు.

నిన్న బంతి తెల్లదాన్ని తాకిన చప్పుడు మాత్రమే విన్నాను. మిగతాది వాడి ముఖంలో చూశాను.