లూజు హార్డెనర్ కొనకండి: ఇంటి షెడ్డులో పాత కారుకు పెయింట్ వేయించేవాళ్లకు హెచ్చరిక

పాత ఫియట్, అంబాసిడర్, జీపు లాంటి బండికి ఇంటి షెడ్డులోనే పెయింట్ వేయించుకుందామని అనుకుంటున్నవాళ్లు ఇది తప్పక చదవండి. టూకే పీయూ (రెండు భాగాలు కలిపి కొట్టే పాలీయురెథేన్) పెయింట్ కొనేటప్పుడు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ని ప్లాస్టిక్ సీసాలో పోసి ఇస్తామంటే తీసుకోవద్దు. పెయింట్‌ని పలచన చేసే థిన్నర్ కూడా, ఏ కంపెనీదో రాసిలేనిది అసలే వద్దు. మా నాన్నగారి 1982 ప్రీమియర్ పద్మినికి ఈ రెండూ కలిసి చేసిన నష్టం దాదాపు నలభై వేలు. మా పెయింటర్ ఆరోగ్యానికి జరిగింది వేరే లెక్క.

మాది విజయవాడ. డోర్ల అడుగు అంచులు, ఫ్లోరు తుప్పు పట్టి ఉంటే ఆ టింకరింగ్ అంతా బయట చేయించి బండిని ఇంటికి తెచ్చాం. పెయింట్ మాత్రం మా కళ్ల ముందే జరగాలని నాన్నగారి కోరిక. పెయింటర్ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి, చెయ్యి తిరిగినవాడు. డోర్లు, బానెట్ రేకు దాకా గీకించి ఎపాక్సీ ప్రైమర్ కొట్టించాం. లప్పం పలచగా పెట్టి వాటర్ పేపర్ పట్టాడు. కంప్రెసర్ గాలిలో నీళ్లు రాకుండా కొత్త ఫిల్టర్ బిగించాం. దుమ్ము లేవకుండా నేల తడిపి ఆరనిచ్చాం. చేయగలిగినంతా చేశాం.

షాపులో మేం అడిగిందీ స్పష్టంగానే ఉంది. ఆర్‌సీలో ఉన్న ముదురు నీలం రంగు, టూకే పీయూ, దానికి తగ్గ హార్డెనర్, మే నెల ఎండకు సరిపోయే స్లో (నెమ్మదిగా ఆరే) థిన్నర్. పెయింట్ మాత్రం కంపెనీ డబ్బాలోనే ఇచ్చాడు. హార్డెనర్ తెల్ల ప్లాస్టిక్ సీసాలో, థిన్నర్ ఐదు లీటర్ల క్యాన్‌లో వచ్చాయి. సీలు డబ్బా అడిగితే "ఫుల్ డబ్బా తీసుకుంటే సగం వేస్టండీ, ఊరంతా ఇలాగే తీసుకెళ్తారు, సేమ్ కంపెనీదే" అన్నాడు. బిల్లు మీద "పెయింట్ మెటీరియల్" అని ఒకే లైను రాశాడు.

ఈ లూజు అలవాటు ఎక్కడిదో తెలిస్తే ప్రమాదం ఎందుకో అర్థమవుతుంది. పాత రోజుల్లో కార్లకు ఎక్కువగా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొట్టేవారు. అది థిన్నర్ ఆవిరైపోతే ఆరిపోతుంది, అంతే. థిన్నర్ కాస్త నాసిరకమైనా మెరుపు తగ్గేది, మరీ తేమగా ఉంటే తెల్లగా మసకబారేది. బఫింగ్‌తో, ఇంకో కోటుతో సరిచేసుకునేవారు. అందుకే థిన్నర్ లూజుగా అమ్మడం, కొనడం మామూలైపోయింది. పీయూ అలా కాదు. అది ఆరేది పెయింటూ హార్డెనరూ కలిసి జరిగే రసాయన చర్యతో. హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్‌కి నీళ్లంటే పడదు. సీసా మూత తీసి పెట్టిన ప్రతిసారీ గాలిలోని తేమను పట్టుకుని కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. మన కోస్తా గాలిలో ఎంత తేమ ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పెద్ద డబ్బా తెరిచి రోజూ వచ్చినవాళ్లకల్లా కొంచెం కొంచెం పోసి అమ్మితే, చివరికి కొన్నవాడి చేతికి వచ్చేది సగం చచ్చిన హార్డెనరే.

థిన్నర్ సంగతి ఇంకా దారుణం. ఎన్‌సీ థిన్నర్లలో మామూలుగా ఆల్కహాల్ రకాలు కలుపుతారు. ఆల్కహాల్ ఐసోసయనేట్‌తో కలిసిపోతుంది. అంటే పెయింట్‌ని గట్టిపరచాల్సిన హార్డెనర్‌ని థిన్నరే తినేస్తుంది. పీయూ థిన్నర్ అని చెప్పి ఎన్‌సీ థిన్నర్ అంటగడితే డబ్బాలో కలిపేటప్పుడు తేడా ఏమీ కనిపించదు. స్ప్రే గన్ చక్కగా కొడుతుంది, మెరుపు కూడా వస్తుంది. అసలు రంగు తర్వాత బయటపడుతుంది.

మాకూ అలాగే జరిగింది. కొట్టిన సాయంత్రం బండి అద్దంలా ఉంది. మర్నాడు డోరు అంచు మీద వేలు ఆనిస్తే వేలిముద్ర పడింది. ఎండకు సరవుతుందని చూశాం. వారం దాటినా గోరు నొక్కితే గుంట పడుతూనే ఉంది. డిక్కీ లోపలి అంచున, బయటికి కనపడని చోట, తెల్ల గుడ్డను థిన్నర్‌లో తడిపి పది సార్లు రుద్దాను. గుడ్డ మొత్తం నీలమైపోయింది. సరిగ్గా గట్టిపడిన పీయూ ఆ మాత్రం రుద్దుడికి గుడ్డకు రంగు అంటించదు. అప్పుడు హార్డెనర్ సీసా తీసి వెలుగులో పట్టి చూశాం. నీళ్లలా తేటగా ఉండాల్సింది పలచటి కలిలా మసగ్గా ఉంది. మూత మరల చుట్టూ తెల్లటి గట్టి పొర కట్టింది.

షాపతని దగ్గరికి వెళ్తే మొదట పెయింటర్‌దే తప్పన్నాడు, తర్వాత గాలిలో తేమన్నాడు, ఆఖరికి కింద పాత పెయింట్ ఉండబట్టేనన్నాడు. పాత ఎన్‌సీ మీద పీయూ కొడితే ముడతలు లేచే మాట నిజమే. కానీ మా డోర్లు రేకు దాకా గీకినవి, అక్కడా అదే జిగురు. వాదన తేలాలని వేరే షాపులో సీలు ఉన్న చిన్న హార్డెనర్ ప్యాక్, అదే కంపెనీ థిన్నర్ కొన్నాం. ఒకే రేకు ముక్క తీసుకుని, మధ్యలో మాస్కింగ్ టేప్ వేసి, మిగిలిన అదే నీలం పెయింట్‌ని ఒక సగానికి ఈ సెట్టుతో, రెండో సగానికి పాత సీసాతో కలిపి కొట్టాం. అదే గన్, అదే షెడ్డు, అదే పూట. మర్నాటికి ఒక సగం గోరుకు లొంగలేదు, రెండో సగం వేలికి అంటుకుంది. ఆ రేకు ముక్క తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. పక్కకి నెట్టేసి ఇంకో కస్టమర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు.

మీరు కూడా బండి ముట్టుకోకముందే ఇలాంటి రేకు ముక్క మీద ఒకసారి కొట్టి చూసుకోండి. ఒక రోజు ఆలస్యమవుతుంది, అంతకు మించి పోయేదేమీ లేదు. మా బండిని మళ్లీ ప్రైమర్ దాకా గీకాల్సి వచ్చింది. జిగురు పెయింట్‌ని గీకడం కొత్త పనికంటే కష్టం, వాటర్ పేపర్ నిమిషంలో బంక పట్టిపోతుంది.

ఇక మాస్కు. షాపులో హార్డెనర్ ఇస్తూ "కర్చీఫ్ కట్టుకుంటే చాలు" అన్నాడు. ఈ మాట నమ్మి ఎంతమంది కుర్రాళ్లు ఊపిరితిత్తులు పాడు చేసుకుంటున్నారో తలచుకుంటే బాధేస్తుంది. ఐసోసయనేట్ వాసన మన ముక్కుకు తెలిసేలోపే ప్రమాదకరమైన మోతాదు దాటిపోయి ఉంటుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత ఏ కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. ఆ మనిషి ఇక ఆ పని చేయలేడు. బ్రిటన్‌లో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఈ పెయింట్ కొట్టేవాళ్లకు బయటి నుంచి గాలి అందించే మాస్కే వాడమని చెబుతుంది, బొగ్గు ఫిల్టర్ మాస్కు చాలదంటుంది. మేం మా పెయింటర్‌కి ఫిల్టర్ మాస్కు కొనిచ్చాం. అయినా రెండో రాత్రి ఆయనకు ఛాతీ పట్టేసి, దగ్గు ఆగలేదు. డాక్టర్ గారు ఏం కొట్టావని అడిగి, ఇక ఈ పెయింట్ జోలికి వెళ్లొద్దన్నారు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఆయన. షాపువాళ్లు సీసాతో పాటు సేఫ్టీ కాగితం ఇచ్చి ఉంటే మాకు ముందే తెలిసేది. కంపెనీ డబ్బాకైతే టెక్నికల్ షీటు, సేఫ్టీ షీటు రెండూ దొరుకుతాయి, అడిగి తీసుకోండి. కలిపే పాళ్లు కూడా అందులో ఉన్నట్టే కలపండి. గాలి మాస్కు ఏర్పాటు కాకపోతే పీయూ ఇంట్లో వద్దు, ప్రైమర్ దాకా ఇంట్లో చేసుకుని ఆఖరి కోట్లు పెయింట్ బూత్ (స్ప్రే కొట్టడానికే కట్టిన గది) ఉన్నచోట కొట్టించండి.

నిప్పు గురించీ చెప్పాలి. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. షెడ్డులో ఉన్న ఇన్వర్టర్, ఫ్రిజ్, పక్క గదిలో దీపం, గ్యాస్ పొయ్యి, ఏదైనా అంటుకోవడానికి చాలు. మేం ఇన్వర్టర్ ముందే బయట పెట్టించాం.

బిల్లు విషయంలో మొహమాటపడకండి. కంపెనీ పేరు, రకం, బ్యాచ్ నంబరు రాయమనండి. "పెయింట్ మెటీరియల్" అన్న ఒక్క లైను వల్ల నా ఫిర్యాదు ఇప్పుడు ఎంత ఇబ్బందిలో పడిందో నాకు తెలుసు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, కంప్లైంట్ ఇచ్చాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. ఇలా మోసపోయినవాళ్లు ఎవరైనా ఉంటే మిగిలిన హార్డెనర్, థిన్నర్ పారబోయకండి, సాక్ష్యంగా పనికొస్తాయి. తేమ తగిలిన హార్డెనర్ సీసా మూత మాత్రం గట్టిగా బిగించొద్దు. లోపల గ్యాస్ పుట్టి సీసా ఉబ్బుతుంది. పిల్లలకు అందని చోట, ఇంటి బయట, నీడలో పెట్టండి.