కొత్త కారు స్టీరింగ్ వణుకుతోందా? జాబ్ కార్డు రాయించకుండా బయట చక్రం విప్పించకండి

కొత్త కారు కొన్నవాళ్లకు, కొనబోయేవాళ్లకు ఒక హెచ్చరిక. హైవే మీద స్టీరింగ్ వణుకుతోందని అనుమానం వస్తే ముందు సర్వీసు సెంటర్లో ఆ మాట జాబ్ కార్డు మీద, అంటే బండి ఇచ్చేటప్పుడు మన కంప్లైంట్లు, చేయాల్సిన పనులు రాసే కాగితం మీద, రాయించండి. అది చేతికి వచ్చేదాకా బయట ఎవరితోనూ చక్రం విప్పించకండి. నేను విప్పించాను. ఒక్క టైరు మార్పించుకోవడానికి రెండు నెలలు తిరిగాను.

మాది గుంటూరు. కారు తీసుకుంది విజయవాడలో. షోరూమ్ పేరు రాయను, అడగొద్దు. దసరా రోజులు కదా, షోరూమ్ పెళ్లివారి విడిదిలా ఉంది. డెలివరీకి ముందు చేయాల్సిన తనిఖీ, పీడీఐ అంటారే, ఆ కాగితం మీద టిక్కులన్నీ పైనుంచి కిందికి ఒకే ఊపులో కొట్టినట్టున్నాయి. చూశాను, నవ్వుకున్నాను, సంతకం పెట్టేశాను. కొండ కింద పూజ చేయించి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం. ఆ చక్రాలు ఎలా ఉన్నాయో మాత్రం ఎవరం చూడలేదు.

ఇంటికి వస్తుంటేనే బయటపడింది. మంగళగిరి దాటాక 80 ఎక్కించగానే స్టీరింగ్ సన్నగా అదరడం మొదలైంది. 90 దగ్గర బొటనవేళ్లు జివ్వుమన్నాయి. 60కి దించితే ఏమీ లేదు. కాజ టోల్ గేటు దగ్గర ఆగినప్పుడు మా నాన్న "రోడ్డు బాగాలేదేంట్రా?" అన్నారు. రోడ్డు నున్నగా ఉంది.

మర్నాడు ఫోన్ చేస్తే సర్వీసు అడ్వైజర్ చాలా మర్యాదగా, "కొత్త బండి కదా సార్, టైర్లు సెట్ అవ్వాలి. వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి" అన్నాడు. ఇది పూర్తిగా అబద్ధం కూడా కాదు, అందుకే నమ్మాను. స్టాక్ యార్డులో బండి నెలల తరబడి కదలకుండా ఉంటే నేలకు ఆనిన చోట టైరు కొంచెం చదునెక్కుతుంది. కానీ మామూలుగా అయితే కాసేపు హైవే మీద నడిచి టైరు వేడెక్కేసరికి అది సర్దుకుంటుంది. దానికి వెయ్యి కిలోమీటర్లు ఎందుకు? ఆ ప్రశ్న అప్పుడు తట్టలేదు.

మొదటి ఫ్రీ సర్వీసుకి ఇచ్చినప్పుడు వణుకు గురించి నోటితో రెండుసార్లు చెప్పాను. జాబ్ కార్డు మీద "జనరల్ చెకప్, వాషింగ్" అని మాత్రమే రాశారు. సాయంత్రం "బ్యాలెన్సింగ్ చేశాం సార్, ఓకే" అని తాళాలిచ్చారు. వారధి దాటేసరికి మళ్లీ అదే వణుకు.

ఒళ్లు మండి తర్వాతి ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న టైర్ల కొట్టుకు వెళ్లాను. అక్కడి బాబాయ్ ముందు ఒక్కటే అడిగాడు: "వణుకు చేతిలోనా, సీటు కిందా?" చేతిలో అన్నాను. అయితే ముందు చక్రమే అన్నాడు. వెనక చక్రం తేడా అయితే సీటు అదురుతుందట. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు చూడాలి, బండి ఒక పక్కకు లాగితే అలైన్‌మెంట్ చూడాలి. సర్వీసు సెంటర్లో ఒక్కళ్లు కూడా ఇంత మాత్రం అడగలేదు.

ఎడమ ముందు చక్రం విప్పాడు. రిమ్ములో అంటించిన వెయిట్లు, చక్రం బరువు అన్ని పక్కలా సమం చేయడానికి పెట్టే చిన్న లోహపు బిళ్లలు, వరసగా కనిపించాయి. లెక్కపెడితే 95 గ్రాములు. "కొత్త టైరుకి ఇంతా?" అని అన్నీ పీకి, రిమ్ము తుడిచి, బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఎక్కించి సరిచేశాడు. రెండు పక్కలా సున్నా చూపించింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతే ఆగమన్నాడు. చక్రం మళ్లీ కారుకి బిగించి, జాకీ మీద లేపే ఉంచి, పక్కన స్టూలు వేసి, దాని మీద స్క్రూడ్రైవర్‌ని టైరుకు వెంట్రుకవాసి దూరంలో ఆన్చాడు. చేత్తో మెల్లగా తిప్పాడు. ఒక చోట స్క్రూడ్రైవర్ రబ్బరును గీసింది. సగం చుట్టు తిరిగేసరికి మధ్యలో కంటికి తెలిసేంత సందు. రిమ్ము అంచు దగ్గర పెట్టి తిప్పితే ఏ తేడా లేదు.

"టైరు గుండ్రంగా లేదు బాబూ. ఎన్ని వెయిట్లు అంటించినా మిషన్ మీద సున్నా వస్తది గానీ వణుకు పోదు" అన్నాడు. నమ్మకం కుదరడానికి ఆ చక్రాన్ని వెనక్కి మార్చి ఎనికేపాడు దాకా వెళ్లొచ్చాం. స్టీరింగ్ నిశ్శబ్దం. వణుకు సీటు కిందికి వచ్చింది.

సంబరంగా ఇదంతా సర్వీసు సెంటర్లో చెప్పాను. అదే నా తప్పు. "కంపెనీ వెయిట్లు లేవు కదా సార్. బయట ఓపెన్ చేయించారు. ఇక వారంటీలో చూడలేం." వెయిట్లు మారిస్తే గుండ్రంగా ఉన్న టైరు వంకర పోతుందా అని అడిగితే మేనేజర్ని పిలుస్తానని వెళ్లినవాడు నలభై నిమిషాలు రాలేదు. ముందు నుంచీ వణుకు ఉందని చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. వాళ్ల జాబ్ కార్డు ప్రకారం నా బండికి వాషింగ్ తప్ప ఏ కష్టమూ లేదు.

నన్ను కాపాడింది ఆ స్క్రూడ్రైవర్ దగ్గర ఫోన్లో తీసిన వీడియో. దాన్ని జతచేసి కారు కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేశాను. టైరు వారంటీ కారు కంపెనీది కాదు, టైరు కంపెనీది. షోరూమ్ చేయాల్సింది ఆ టైరు కంపెనీ మనిషిని పిలిపించడమే. అది చేయడానికే అన్ని వారాలు. ఆయన వచ్చి గుండ్రంలో తేడా కొలిచే డయల్ గేజి పెట్టి పది నిమిషాల్లో తేల్చేశాడు, తయారీ లోపమేనని.

కన్స్యూమర్ కమిషన్ దాకా వెళ్లాల్సి వచ్చి ఉంటే గుంటూరులోనే వేసేవాణ్ణి. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కొన్న ఊరికి తిరగక్కర్లేదు.

మీకూ ఇలాగే అయితే సర్వీసు సెంటర్లో "వైబ్రేషన్, 80 నుంచి 100 స్పీడులో, స్టీరింగ్‌లో" అని మీ ముందే రాయించండి. అడ్వైజర్ని కాదు, టెక్నీషియన్ని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీదకి తీసుకెళ్లండి. సర్వీసు రోడ్డులో 40 మీద తిప్పి ఓకే అంటే ఒప్పుకోవద్దు. బ్యాలెన్సింగ్ దగ్గర నిలబడండి. సున్నా వచ్చాక చక్రాన్ని మిషన్ మీద వదులుచేసి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి చూడమనండి. అంకె బాగా మారితే చక్రం మిషన్ మీద సరిగ్గా కూర్చోలేదని అర్థం. డెలివరీ రోజే టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. కొత్త బండికి ఒక టైరు మాత్రం మిగతావాటికంటే బాగా పాతదైతే ఎందుకో అడగండి.

కొత్త టైరు వేశారు. 100 మీద కూడా చెయ్యి అదరడం లేదు. జాబ్ కార్డు మీద మాత్రం "కస్టమర్ కోరిక మేరకు టైరు మార్చాం" అని రాశారు. తీసేసి "తయారీ లోపం" అని రాయించేదాకా కదల్లేదు, గంటన్నర పట్టింది. వచ్చే నెల రెండో సర్వీసు. వారంటీ ఉంది కాబట్టి మళ్లీ అక్కడికే వెళ్లాలి. తాళాలిచ్చే ముందు నాలుగు రిమ్ముల ఫొటోలు తీసుకుని మరీ ఇస్తాను.