సెంటీమీటర్ యాక్యురసీ అని అమ్మే జీపీఎస్ రిసీవర్లతో జాగ్రత్త

పొలం కొలుచుకుందామని బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్ కొనాలనుకుంటున్నవాళ్లు డబ్బులు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. నేను 8,500 పెట్టి కొన్నాను. డబ్బులు పోయినందుకంటే, దాని మూలంగా మా ఇంట్లో వచ్చిన మాటపట్టింపుకే ఎక్కువ బాధగా ఉంది.

పెదకాకాని దగ్గర నాన్నకీ బాబాయికీ పక్కపక్కనే పొలం. మధ్యలో ఒకే గట్టు. పాస్‌బుక్కు ప్రకారం మా వాటా 60 సెంట్లు. గట్టు ఏటా కాస్త కాస్త జరుగుతోందని ఇద్దరికీ అనుమానం. ఫోన్‌లో ఏరియా కొలిచే యాప్‌తో చూస్తే ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తోంది. దాంతో బెజవాడలో ఓ ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లాను. "ఫోన్ జీపీఎస్ ఎందుకు సార్, ఇది సెంటీమీటర్ యాక్యురసీ, సర్వేయర్లు వాడేది ఇదే" అన్నాడు. నా ఫోన్‌కి బ్లూటూత్ కలిపి మ్యాప్ తెరిచాడు. నీలం చుక్క సరిగ్గా ఆ బిల్డింగ్ మీదే నిలబడింది. రెండో అంతస్తులో, నాలుగు గోడల మధ్య! నమ్మేశాను.

అసలు మోసం జరిగింది అక్కడే. బిల్డింగ్ లోపల అంత చిన్న రిసీవర్‌కి ఉపగ్రహాల సిగ్నల్ సరిగ్గా అందదు. ఆ చుక్కను అక్కడ నిలబెట్టింది నా ఫోనే. చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవర్లు చూసుకుని అది చోటు పట్టేస్తుంది. రిసీవర్ మీద వెలిగిన నీలం లైటుకి అర్థం బ్లూటూత్ కలిసిందని మాత్రమే.

మర్నాడు పొలానికి వెళ్లి బాబాయి ఎదురుగానే గట్ల వెంట నడిచాను. 63 సెంట్లు వచ్చింది. బాబాయి ఏమీ అనలేదు గానీ ముఖం మారిపోయింది. 63 ఉందంటే మూడు సెంట్లు ఎవరివి? ఆయనవే అన్నట్టేగా. మరోసారి కొలుద్దామని బయల్దేరి, అవతలి గట్టు దాకా వెళ్లాక చూసుకుంటే చేతిలో రిసీవర్ లేదు. బండి డిక్కీలోనే ఉండిపోయింది. మ్యాప్‌లో చుక్క మాత్రం నాతోపాటే నడుస్తోంది. అంటే అప్పటిదాకా కొలిచిందంతా ఫోన్ సొంత జీపీఎస్సే.

ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ కలపగానే లొకేషన్ రిసీవర్ నుంచి రాదు. ఆ రిసీవర్‌తో పనిచేసే యాప్ ఒకటి వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో 'సెలెక్ట్ మాక్ లొకేషన్ యాప్' దగ్గర దాన్ని ఎంచుకోవాలి. షాపువాడు ఈ ముక్క చెప్పనే లేదు.

సరే, అదీ చేశాను. రెండుసార్లు నడిస్తే ఒకసారి 55, ఒకసారి 66. "ఏరా, మొన్న అరవై మూడు చూపించిందిగా, ఇవాళ యాభై ఐదేంటి?" అన్నాడు బాబాయి. ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? నా దగ్గరే సమాధానం లేదు.

ఈ తేడా ఎందుకొస్తుందో తర్వాత కాగితం మీద లెక్కేసుకుంటే అర్థమైంది. సెంటు అంటే సుమారు 40.5 చదరపు మీటర్లు. మా 60 సెంట్లు చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు దాదాపు 49 మీటర్లు. నాలుగు వైపులా గీత ఒక్క మీటరు బయటికి జరిగితే చాలు, దగ్గర దగ్గర ఐదు సెంట్లు పెరిగినట్టు చూపిస్తుంది. మంచి ఫోన్‌కైనా ఆరుబయట ఐదు మీటర్ల దాకా తేడా ఉండొచ్చని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సైటే చెబుతోంది. సెంటు విలువెంతో గుంటూరు జిల్లా వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

డ్రోన్ల పని తెలిసిన ఓ ఫ్రెండ్ ఆ రిసీవర్ పంపే డేటాను ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు. లైన్లన్నీ జీపీ అనే మొదలవుతున్నాయి. అంటే ఒక్క అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలనే పట్టుకుంటోంది. అదే చోట నా ఫోన్‌లో జీపీఎస్‌టెస్ట్ యాప్ తెరిస్తే రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలు కూడా కనిపించాయి, ఎల్1తోపాటు ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ కూడా అందుతోంది. నేను కొన్నదానికంటే జేబులో ఉన్నదే మేలు. రిసీవర్ మూత తీస్తే లోపల గోధుమరంగు సిరామిక్ యాంటెన్నా, దాని కింద నియో-6ఎమ్ అని రాసున్న చిన్న మాడ్యూల్. హాబీ ఎలక్ట్రానిక్స్‌లో కొన్ని వందల రూపాయలకే దొరికే పాత రకం. దాని డేటాషీట్‌లోనే యాక్యురసీ 2.5 మీటర్లని ఉంది.

కొనేవాళ్లు దయచేసి ఒక్క అంకె చూడండి. రిసీవర్ పంపే డేటాలో జీజీఏ అని ఉండే లైన్‌లో అక్షాంశం, రేఖాంశం అయ్యాక ఇంగ్లిషు E అక్షరం వస్తుంది. దాని తర్వాతి అంకె 1 అయితే మామూలు జీపీఎస్. 2 అయితే గగన్ (మన దేశపు ఉపగ్రహాల నుంచి వచ్చే సవరణ) లాంటిది అందుతోందని. 5 అంటే ఆర్‌టీకే (సెంటీమీటర్ల దాకా కచ్చితత్వం కోసం అప్పటికప్పుడు సవరణలు తీసుకునే పద్ధతి) ఇంకా కుదురుకోలేదు. 4 వస్తేనే సెంటీమీటర్ల మాట. నాది ఎప్పుడు చూసినా 1 దాటలేదు. ఆ 4 రావాలంటే దగ్గర్లో బేస్ స్టేషన్ (తన చోటు ముందే కచ్చితంగా తెలిసిన రిసీవర్) గానీ, ఇంటర్నెట్ ద్వారా సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శాశ్వత బేస్ స్టేషన్ల కోర్స్ నెట్‌వర్క్ లాంటి దాని సవరణ గానీ అందాలి, రిసీవర్ కూడా ఆర్‌టీకే రకం అయి ఉండాలి. "కరెక్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని షాపులో అడగండి. నీళ్లు నమిలితే అక్కడి నుంచి వచ్చేయండి. షాపు లోపల డెమో మాత్రం ఒప్పుకోవద్దు, మేడ మీదికి తీసుకెళ్లమనండి.

బయటి రిసీవర్లన్నీ దండగ అని నేననను. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో అసలు జీపీఎస్ ఉండదు, దానికి మంచి రిసీవర్ కావాల్సిందే. దారి చూసుకోవడానికి, బోరు ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడానికి మాత్రం ఫోన్ చాలు. హద్దు తగాదాకి రెండూ పనికిరావు.

షాపువాడు "ఓపెన్ చేసిన పీస్ రిటర్న్ లేదు" అన్నాడు. మూత తీయకముందు వెళ్లినప్పుడూ ఇదే మాట. బిల్లు మీద 'సెంటీమీటర్ యాక్యురసీ' అని రాయించుకోకపోవడం నా పొరపాటు, మీరు తప్పకుండా రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నమోదు చేయించాను.

పొలం హద్దులు తేల్చే ఎఫ్-లైన్ సర్వేకి నాన్న, బాబాయి కలిసే వెళ్లి మీసేవలో అర్జీ పెట్టారు. సర్వేయర్ గారు వచ్చి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చూసి రాళ్లు వేసేదాకా ఆ గట్టు జోలికి ఎవరం వెళ్లడం లేదు.