హెక్-రాస్: గణన ఆగినప్పుడు ముందు చూడాల్సింది జలాశయం పట్టికనే

ఆనకట్టకు గండి పడితే దిగువకు నీరు ఎంతసేపటికి, ఎంత ఎత్తున చేరుతుందో అంచనా వేయడానికి విశాఖపట్నంలో మేము హెక్-రాస్‌ను చాలా ఏళ్లుగా వాడుతున్నాం. అమెరికా సైనిక ఇంజినీర్ల దళం ఉచితంగా అందించే ఈ సాఫ్ట్‌వేర్‌కు 2016లో 5.0 వెర్షన్‌తో ద్విమితీయ గణన, అంటే నేలను చిన్న గడుల వలగా విడగొట్టి నీరు అన్ని దిక్కులకూ ఎలా పారుతుందో లెక్కించే పద్ధతి, వచ్చి చేరింది. మేఘాద్రిగెడ్డ జలాశయం దిగువన విమానాశ్రయం ఉన్న పల్లపు ప్రాంతంలో వరద ఏ దిక్కుకు పరుచుకుంటుందో చూడాలంటే ఆ సదుపాయం లేనిదే పని జరగదు. ప్రవాహ గణనలో దీనికి వంక పెట్టలేను. చిక్కంతా జలాశయపు సమాచారం దగ్గరే వస్తుంది, ఎందుకంటే మనం ఏ అంకె ఇచ్చినా అది నమ్మేస్తుంది.

గణన మధ్యలో ఆగిపోతే తెరమీద ఆనకట్ట పక్కనున్న ఏదో గడి సంఖ్య కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది గణనలో ఒక్కో అడుగుకు తీసుకునే కాలవ్యవధిని తగ్గించుకుంటూ పోతారు. నా అనుభవంలో అది చివరగా చేయాల్సిన పని. ముందు తెరవాల్సింది స్టోరేజ్ ఏరియా, అంటే జలాశయాన్ని అంతటా ఒకే నీటిమట్టం ఉన్న తొట్టిలా చూసే భాగంలోని మట్టం, ఘనపరిమాణం పట్టిక.

మెట్రిక్ ప్రాజెక్టులో ఆ పట్టిక ఘనపరిమాణాన్ని వేల ఘనపు మీటర్లలో అడుగుతుంది. మన రికార్డుల్లోని లెక్కలేమో టీఎంసీల్లోనో, మిలియన్ ఘనపుటడుగుల్లోనో, మిలియన్ ఘనపు మీటర్లలోనో ఉంటాయి. ఒక టీఎంసీ అంటే 28.317 మిలియన్ ఘనపు మీటర్లు కాబట్టి పట్టికలో 28317 అని పడాలి. అక్కడ 28.317 అని పడితే జలాశయంలో వెయ్యో వంతు నీరే మిగులుతుంది, గండి తెరుచుకోగానే అది అడుగంటి గణన ఊగిసలాడుతుంది. అదే అంకెను గండి కొలతల కాలిక్యులేటర్‌కూ ఇస్తే మరో తప్పు తోడవుతుంది. గండి కొలతలను అంచనా వేసే ఫ్రోలిక్ 2008 సూత్రంలో గండి పూర్తిగా తెరుచుకోవడానికి పట్టే సమయం నీటి పరిమాణపు వర్గమూలాన్ని బట్టి, సగటు వెడల్పు దాని 0.32 ఘాతాన్ని బట్టి మారతాయి. అంటే సమయం సుమారు 32వ వంతుకు, వెడల్పు సుమారు తొమ్మిదో వంతుకు పడిపోతాయి. పరిశీలన కోసం మా వద్దకు వచ్చిన ఒక నమూనాలో సరిగ్గా ఇదే జరిగింది. ముంపు పటం మాత్రం రంగురంగులుగా, చూడముచ్చటగానే ఉంది.

మట్టాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. తాటిపూడి జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టాన్ని 297 అడుగులని, రైవాడ జలాశయానిది 114 మీటర్లని చెబుతారు. రెండింటినీ ఒకే ఫైల్లో పెట్టుకునేవారు ప్రమాణాన్ని పక్కనే రాసుకోవాలి. డ్రోన్ సర్వే ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి గణితంలో వాడే నునుపైన నమూనా) ఆధారంగా వస్తే విశాఖ తీరంలోని నేల రుణ సంఖ్యల్లో కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ సముద్రమట్టపు తలం ఎలిప్సాయిడ్‌కు పదుల మీటర్ల దిగువన ఉంటుంది. ఆ నేలను, జలవనరుల శాఖ ఇచ్చిన సముద్రమట్టపు అంకెలను ఒకే నమూనాలో కలిపితే ఏ ఫలితానికీ అర్థం ఉండదు.

హెక్-రాస్‌లో పటాలు చూసే భాగమైన రాస్ మ్యాపర్ నేల నమూనా నుంచి ఘనపరిమాణపు వక్రరేఖను తానే తయారుచేసి ఇస్తుంది. సదుపాయం మంచిదే కానీ, అంతరిక్షం నుంచి తీసిన ఎత్తుల పటానికి నీటి అడుగు కనిపించదు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌకలోని రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల సమాచారంలో జలాశయం ఒక చదునైన పలకలా ఉంటుంది. ఆ మట్టానికి దిగువనున్న నీరంతా లెక్కలోంచి జారిపోతుంది. అందువల్ల నేను ప్రాజెక్టు సామర్థ్య పట్టికనే చేత్తో ఎక్కిస్తాను. పూడిక వల్ల అసలు సామర్థ్యం తగ్గి ఉండవచ్చు, అయినా ముప్పు అంచనాలో ఎక్కువ నీటిని తీసుకోవడం నాకు అభ్యంతరం కాదు. వినియోగ సామర్థ్యాన్ని మొత్తం సామర్థ్యంగా భావించి డెడ్ స్టోరేజీని (తూముల మట్టానికి దిగువన మిగిలే నీటిని) వదిలేయడం మాత్రం అభ్యంతరమే, ఎందుకంటే గండి ఆ మట్టం కిందికి కోసుకుపోతే ఆ నీరూ బయటికి వస్తుంది. పట్టిక పై కొస కట్ట శిఖరాన్ని దాటాలి, కింది కొస గండి అడుగుకు దిగువన ఉండాలి. గండిని మొదలుపెట్టే మట్టం జలాశయం ఎప్పటికీ చేరని అంకె అయితే కట్ట అసలు తెగదు.

ఇవన్నీ సరిచూశాక గణన చిట్టాలోని ఘనపరిమాణపు జమాఖర్చులు తెరిచి, మొదట్లో జలాశయంలో ఉన్న నీరు శాఖ అంకెతో సరిపోయిందో లేదో చూస్తాను. ఈ లెక్కను ఫలితాల పటం పక్కనే చూపి ఉంటే బాగుండేది. చాలామంది ఆ చిట్టాను తెరవనే తెరవరు. పొడవుగా, వంపులు తిరిగి ఉండే జలాశయాన్ని ద్విమితీయ వలలోకి తేవాలన్న కోరిక సహజమే గానీ, నీటి అడుగు సర్వే చేతికి వచ్చేదాకా మేము స్టోరేజ్ ఏరియాతోనే సరిపెట్టుకుని, ఆ సంగతిని నివేదిక మొదటి పేజీలోనే రాస్తున్నాం.