అప్పుల చిక్కు తీర్చుకోవడానికి వెళ్లిన రెండు చోట్లు: ఒక సెటిల్‌మెంట్ కంపెనీ, ఒక ఉచిత న్యాయ సేవ

అప్పుల విషయంలో గత ఏడాదిన్నరలో నేను రెండు సేవలను వాడుకున్నాను. మొదటిది హైదరాబాద్ నుండి ఫోన్ల మీదనే పనిచేసే, అప్పిచ్చినవాళ్లతో మాట్లాడి బాకీ తగ్గిస్తామనే ఒక ప్రైవేటు లోన్ సెటిల్‌మెంట్ కంపెనీ. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, అలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి కాబట్టి పేరుతో పెద్దగా పని కూడా లేదు. రెండవది నల్లగొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. మొదటిదానికి జీఎస్టీతో కలిపి 5,899 రూపాయలు కట్టాను. రెండవదానికి జిరాక్సులకు, ఫోటోలకు తప్ప పైసా ఖర్చు కాలేదు.

నా పరిస్థితి కొంత చెబితే తప్ప ఈ రెండింటి తేడా అర్థం కాదు. నల్లగొండ బొట్టుగూడలో ఒక అద్దె ఇంట్లో ఉంటూ బ్లౌజులు, పిల్లల బట్టలు కుడతాను. 2024 మొదట్లో నడుము నొప్పి మొదలైతే మిషన్ మీద వంగి కూర్చోవడం వల్లనే అనుకున్నాను. ఆరు నెలలు ఒక డాక్టరు నుండి మరొక డాక్టరు దగ్గరికి తిరిగి, రెండుసార్లు ఎమ్మారై తీయించుకున్న తర్వాత గానీ అది వెన్నెముకకు వచ్చిన టీబీ అని తేలలేదు. విచిత్రమేమిటంటే, జబ్బు పేరు తెలిసిన తర్వాత నాకు మందుల ఖర్చు లేనే లేదు. ఏడాదికి పైగా వాడిన మందులన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు, పోషకాహారం కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా 2024 నవంబరు నుండి నెలకు 500 బదులు 1,000 రూపాయలు అయింది. నన్ను ముంచిన అప్పంతా జబ్బు పేరు తెలియక ముందు చేసినదే. ఆ నెలల్లోనే డీసీఎం వ్యాను నడిపే నా భర్త ఇంటికి రావడం తగ్గించి, దసరా నాటికి పూర్తిగా వేరే ఉండసాగాడు. ఇంటర్ చదివే కూతురు, నేను మిగిలాము. మిషన్ మీద అరగంట కూడా కూర్చోలేని రోజులవి.

మైక్రో ఫైనాన్స్ గ్రూపు లోన్ 38,000, పొదుపు సంఘం లోన్ 24,000, ఒక ఫైనాన్స్ కంపెనీ పర్సనల్ లోన్ 62,000, తెలిసినవారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చిన 50,000, బ్యాంకులో తాకట్టు పెట్టిన తులం గొలుసు. అప్పట్లో ఎవరు అడిగినా నేను చెప్పే లెక్క ఇదే. ఈ లెక్కలో ఒక తప్పు ఉంది, దాని సంగతి తర్వాత రాస్తాను.

సెటిల్‌మెంట్ కంపెనీ ప్రకటన ఫోన్లో కనిపించింది. నంబరు ఇచ్చిన పది నిమిషాలకే ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఏ కిస్తీలూ కట్టవద్దని, మూడు నెలలు దాటి ఖాతా మొండి బకాయి అయితే అప్పిచ్చినవాళ్లే సగానికి దిగి వస్తారని, తగ్గిన మొత్తంలో 15 శాతం తమకు ఇస్తే చాలని చెప్పింది. నెలనెలా కిస్తీ కోసం నిద్రపట్టని మనిషికి కట్టవద్దనే మాట ఎంత తీయగా వినిపిస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది. అదే రోజు డబ్బు కట్టేశాను.

కట్టిన తర్వాత తెలిసిన విషయమేమిటంటే, నా అప్పులలో వాళ్లు ముట్టుకునేది పర్సనల్ లోన్ ఒక్కటే. మిగిలినవేవీ తమ పరిధిలోకి రావన్నారు. ఆ ఒక్కదానికి కూడా వాళ్లు చేసిందల్లా ఫైనాన్స్ కంపెనీకి ఒక ఈమెయిల్ పంపి, దాని కాపీని నాకు వాట్సాప్‌లో పెట్టడం. రెండు నెలలలో జరిమానాలతో బాకీ 71,000కు చేరింది, రికవరీ ఏజెంట్లు మా మరిదికి కూడా ఫోన్ చేశారు. సగానికి సెటిల్ చేసుకున్న అప్పు, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని నమోదవుతుందని, ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉండి రేపు బ్యాంకులో లోన్ అడిగితే అడ్డు తగులుతుందని వాళ్లు మాటమాత్రంగానైనా చెప్పలేదు. ఇలాంటి కంపెనీలకు రిజర్వు బ్యాంకు ఇచ్చే లైసెన్సు అంటూ ఏదీ లేదన్న సంగతి కూడా నాకు తర్వాతనే తెలిసింది. చివరకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే, నెలన్నరకు 3,000 రూపాయలు తిరిగి వచ్చాయి.

న్యాయంగా చెప్పాలంటే, అప్పిచ్చినవాళ్లు రాజీకి వస్తారన్న వాళ్ల మాట అబద్ధం కాదు. చేతిలో ఒకేసారి కట్టేంత డబ్బు ఉండి, క్రెడిట్ కార్డు బాకీలు మాత్రమే ఉన్నవారికి ఆ దారి పనికి రావచ్చు. కానీ రాజీ అడిగే ఆ ఉత్తరం మనం తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా అంతే విలువ ఉంటుంది, దానికి 5,899 రూపాయలు అక్కర లేదు.

న్యాయ సేవాధికార సంస్థ గురించి చెప్పింది మా వీధి అంగన్‌వాడీ టీచరు. “కోర్టుల వకీలును పైసల్లేకుండ ఇస్తరంట అక్కా, ఒక్కసారి పోయి అడుగరాదు” అన్నది. అక్కడికి వెళ్లాలంటే తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కావాలేమో అనుకుని నేను మరో నెల ఆలస్యం చేశాను. అది పొరపాటు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. వెళ్లలేనివారు 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

ఒక పేజీ దరఖాస్తు నింపి ఇచ్చాక నాకు ఒక వకీలు మేడమ్‌ను కేటాయించారు. నా భర్త నుండి నెలనెలా ఖర్చులకు డబ్బు ఇప్పించే భరణం కేసు వేయడానికి ఆమె ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం అనే ఫారం ముందు పెట్టారు. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఈ పత్రం దాఖలు చేయవలసిందే. ఆదాయం ఎంత, ఖర్చు ఎంత, ఎవరికి ఎంత బాకీ, ఏ తేదీన తెచ్చింది, ఇప్పటికి ఎంత కట్టింది అంటూ పేజీల కొద్దీ గళ్లున్న ఫారం అది. నేను నోటికి వచ్చిన ఐదు అప్పులూ చెప్పి, అంతే మేడమ్ అన్నాను. ఆమె పెన్ను ఆపి, “ఇల్లు సొంతమా అమ్మా?” అని అడిగారు. అద్దె ఇల్లన్నాను. “ఈ నెల వరకు కట్టారా?” అన్నారు.

అద్దె ఆరు నెలలుగా కట్టలేదు. నెలకు 4,500 చొప్పున 27,000. ఆ మొత్తాన్ని నేను అప్పు కింద ఒక్కసారైనా లెక్కపెట్టుకోలేదు. కారణం చాలా సిగ్గుపడవలసింది. ఇంటి ఓనర్ పెద్దమ్మ గేటు ముందు బండి ఆపి అరిచే మనిషి కాదు, నాలుగు ఇళ్లకు వినిపించేలా అడిగే మనిషి కాదు. నేను ఆరు నెలలుగా ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు కడుతూ వచ్చాను, ఎవరు ఓపిక పట్టారో వాళ్లను ఆఖరున పెట్టాను. మేడమ్ ఆ కాగితం వెనుక వైపు మరొక జాబితా రాయించారు. ఎవరికి ఎంత అని కాకుండా, ఎవరికి కట్టకపోతే ఏం పోతుంది అని రాయమన్నారు. అద్దె దగ్గర ‘ఇల్లు’ అని, బ్యాంకు దగ్గర ‘గొలుసు’ అని, పొదుపు సంఘం దగ్గర ‘తోటి సభ్యులతో ముఖం’ అని రాశాను. నాతో రోజూ నిద్ర లేని రాత్రులు గడిపించిన పర్సనల్ లోన్ దగ్గర రాయడానికి చాలాసేపు ఏమీ తోచలేదు. చివరకు ‘సిబిల్’ అని రాశాను.

ఈ సేవలో నేను అత్యంత విలువైనదిగా భావించేది ఈ అరగంటనే. కోర్టు, కేసు, రెండు పక్షాలకు రాజీ కుదిర్చే లోక్ అదాలత్ అన్నీ దీని తర్వాతివే.

నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చేయించాలంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని, ఆ తర్వాత కూడా మనం కదలకపోతే కోర్టు ద్వారానే వెళ్లాలి తప్ప తాళం వేయడం, సామాన్లు బయట పెట్టడం కుదరదని మేడమ్ చెప్పారు. అయితే ఆ ధైర్యంతో ఊరుకోవద్దని, ముందు వెళ్లి మాట్లాడమని కూడా అన్నారు. వెళ్లాను. “నీ పానం బాగలేదని నాకెరుకే గద బిడ్డా. మొత్తం ఒక్కసారి ఇయ్యిమంటలేను. నెలకింత అని చెప్పు, చెప్పినంక తప్పకు” అన్నది పెద్దమ్మ. ముందు ఇచ్చిన రెండు నెలల అడ్వాన్సు 9,000 బాకీలో తీసేస్తే 18,000 మిగిలింది. ప్రతి నెలా అద్దెతో పాటు పాత బాకీ కింద 1,000 కట్టేటట్టు తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాము. రెండింటినీ విడివిడిగా ఫోన్‌పే చేసి, రెండవదానికి ‘పాత బాకీ’ అని రాస్తున్నాను. ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కిరాయిదార్లకు కూడా వర్తిస్తుంది కాబట్టి కరెంటు 200 యూనిట్లు దాటకుండా చూసుకుంటే బిల్లు సున్నా వస్తోంది. ఆ మిగులు కూడా పాత బాకీలోకే పోతోంది.

మైక్రో ఫైనాన్స్ ఏజెంటు మంగళవారం ఉదయం ఏడున్నరకే వచ్చి గేటు ముందు స్కూటీ మీద కూర్చునేవాడు. మైక్రో ఫైనాన్స్ లోన్లకు సంబంధించి రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. అనుకున్న చోటికి మనం వరుసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి రావచ్చు. ఫిర్యాదు చేయవలసిన నంబరు లోన్ కార్డు మీదనే ఉంటుందని మేడమ్ చెప్పేదాకా నేను ఆ కార్డును కిస్తీ తేదీల కోసం తప్ప చూడలేదు. కార్డు చూపించి టైము గురించి మాట్లాడిన తర్వాత అతడు పదకొండింటికి రావడం మొదలుపెట్టాడు. కిస్తీ మాత్రం తగ్గలేదు, అది కట్టవలసిందే.

పర్సనల్ లోన్ విషయాన్ని కోర్టు కేసు కాకముందే లోక్ అదాలత్‌కు పెట్టారు. మూడవ వాయిదాకు కంపెనీ మనిషి వచ్చాడు. 71,000 బదులు 54,000, నెలకు 3,000 చొప్పున 18 నెలలకు రాజీ కుదిరింది. ఆఖరి కిస్తీ కట్టిన రోజున, ఇక బాకీ లేదని తెలిపే నో డ్యూస్ పత్రం ఇవ్వాలన్న మాటను పట్టుబట్టి రాయించాను. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాసే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. బయటపడితే చాలనే తొందరలో కట్టలేని కిస్తీకి ఒప్పుకుంటే, రేపు అదే కాగితం మన మీద అమలవుతుంది. మొదట వాళ్లు నెలకు 5,000 అన్నారు, నేను కాగితం మీద నా ఆదాయం లెక్క చూపించి 3,000 దగ్గరే ఆగాను.

మూడు రూపాయల వడ్డీ అప్పు అంటే ఏడాదికి 36 శాతం. దీనికి ఏ సంస్థా దారి చూపలేదు, చూపించగలిగేది కూడా కాదు. గొలుసు విడిపించి అమ్మాను. బ్యాంకు బాకీ పోగా మిగిలిన డబ్బు ఆ అప్పుకు దాదాపు సరిపోయింది. కొద్దికొద్దిగా కట్టిన మిగతా సొమ్ముకు ప్రతిసారీ నోటు వెనుక చెల్లు రాయించుకున్నాను, పూర్తయ్యాక నోటు వెనక్కి తీసుకున్నాను. అది మా అమ్మ పెట్టిన గొలుసు.

ఈ సేవకు పరిమితులు లేవని చెప్పను. లోక్ అదాలత్‌లో ఎదుటిపక్షం ఒప్పుకుంటేనే రాజీ, రాకపోతే మనం చేయగలిగింది తక్కువ. నా భర్త మొదటి రెండు వాయిదాలకు రానే లేదు. కేసు తేలేదాకా ఇవ్వవలసిన మధ్యంతర భరణం నెలకు 5,000గా ఖరారు కావడానికి ఐదు నెలలు పట్టింది. రెండు నెలలు ఇచ్చి మూడవ నెల ఆపాడు. బాకీపడ్డ భరణాన్ని వసూలు చేయించుకోవడానికి గడువు తేదీ నుండి ఏడాదిలోపు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఏడాది దాటితే ఆ నెలల సొమ్మును ఆ దారిలో రాబట్టుకోవడం కుదరదు. ఇది నాకు ముందే తెలియడం వల్ల తేదీలన్నీ క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాను. రేపే డబ్బు కావలసినవారికి, ఈ వారమే సమస్య తేలాలనుకునేవారికి ఈ చోటు నిరాశ కలిగిస్తుంది.

వెళ్లేవారు ఆధార్, రేషన్ కార్డు, లోన్ కార్డులు, ఆసుపత్రి చీటీలు, అద్దె కట్టిన రసీదులు లేదా ఫోన్‌పే స్క్రీన్‌షాట్ల ప్రింట్లు రెండేసి కాపీలు తీసుకుని వెళ్లండి. మందుల చీటీలు పారేయవద్దు, ఆదాయం ఎందుకు ఆగిందో చూపించడానికి నాకు పనికి వచ్చినవి అవే. వాయిదా రోజున అన్నం డబ్బా, నీళ్ల సీసా వెంట ఉంటే మంచిది.

ఈ నెలతో పెద్దమ్మకు ఇవ్వవలసిన పాత బాకీ 7,000కు దిగింది. సెటిల్‌మెంట్ కంపెనీ నుండి మాత్రం ఇప్పటికీ వారానికి ఒక మెసేజ్ వస్తూనే ఉంది, అప్పు సగానికి తగ్గిస్తామని.